రెండు చెంబుల నీళ్లు

విజయవాడలో పగటి బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాల్సిన ఆడమనిషి ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తుంది. పొద్దున సగం గ్లాసు కాఫీ, ఇడ్లీతో రెండు గుక్కలు, అంతే. 350 కిలోమీటర్ల దారిలో బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగినచోట బాత్రూమ్ తలుపుకి గొళ్లెం ఉంటుందో లేదో తెలియదు. సీసా పక్కనే ఉన్నా పెదవులు తడుపుకుని మూత పెట్టేస్తుంది. ఊరు చేరిన మర్నాడు మంట మొదలవుతుంది. చుక్క చుక్కగా రావడం, వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో సలుపు. "వేడి చేసిందే, బార్లీ తాగు" అంటుంది ఇంట్లో పెద్దావిడ.

ఈ వ్యాసకర్తకు ఆ మంట ఒకే ఏడాదిలో మూడుసార్లు వచ్చింది. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే వైద్యులు దాన్ని తిరగబెట్టే యూరిన్ ఇన్‌ఫెక్షన్ కింద లెక్కగడతారు. మూడోసారి కల్చర్ రిపోర్టు చూసి మందు రాసిన డాక్టరమ్మ, కలం పక్కన పెట్టి ఒక మాట అడిగింది: "రోజుకి నీళ్లెన్ని తాగుతావమ్మా?" చాలానే తాగుతానని జవాబు. "చాలా అంటే ఎంత? వారం రోజులు రాసి తీసుకురా."

అలా మొదలైంది నోటుపుస్తకం. ఎడమవైపు తాగినవి, కుడివైపు బాత్రూమ్‌కి వెళ్లిన వేళలు. మంచినీళ్ల చెంబు కొలిచి చూస్తే ముప్పావు లీటరు పట్టింది. వారం గడిచాక పేజీలు తిప్పితే అంతా తేటగా కనిపించింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా, పనిచేసే చోట, ఒక్క గ్లాసు. కొన్ని రోజులు అదీ లేదు. ఆ చోట బాత్రూమ్ రెండంతస్తుల కింద ఉండేది, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేది. చెవి అడగడానికి మొహమాటపడి నీళ్లే మానేసిన సంగతి, కాగితం మీద పెట్టేదాకా ఆమెకే తెలియలేదు.

ఈ జబ్బుకి మూలం చాలామందిలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లో ఉండేదే. అక్కడ ఉన్నంతకాలం పేచీ లేదు, దారి తప్పి మూత్రనాళంలోకి ఎక్కితేనే గొడవ. ఆడవాళ్లలో ఆ నాళం పొడవు దాదాపు నాలుగు సెంటీమీటర్లే. మగవాళ్లలో ఇరవై దాకా ఉంటుంది. ఈ ఒక్క కొలతతోనే ఆడవాళ్ల బాధ సగం అర్థమవుతుంది. మూత్రసంచిలోకి చేరిన బ్యాక్టీరియా తన ఒంటినిండా ఉన్న సన్నటి నూగుతో లోపలి గోడను పట్టుకుని వేలాడుతుంది. మూత్రం నిలవ ఉన్నంతసేపూ పెరుగుతుంది. సంచి పూర్తిగా ఖాళీ అయినప్పుడల్లా కొంత కొట్టుకుపోతుంది.

అంటే అసలు మందు ధార. అది నీళ్ల వల్లే వస్తుంది.

ఈ మాట ఎప్పటినుంచో అందరూ చెబుతున్నదే అయినా, పద్ధతిగా పరీక్షించిన పెద్ద అధ్యయనం 2018లో గానీ రాలేదు. బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగింది. ముట్టు ఆగని వయసులో ఉండి, అంతకుముందు ఏడాదిలో కనీసం మూడుసార్లు ఇన్‌ఫెక్షన్ వచ్చి, రోజుకి లీటరున్నరకు మించి ద్రవాలు తాగని 140 మంది స్త్రీలను తీసుకున్నారు. సగంమందిని మామూలుగానే ఉండమన్నారు. మిగిలిన సగంమందికి రోజుకి మూడు అరలీటరు సీసాలిచ్చి, అలవాటుగా తాగేదాని మీద అదనంగా తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి మామూలుగా ఉన్నవాళ్లకు సగటున 3.2 సార్లు మంట వస్తే, సీసాలు తాగినవాళ్లకు 1.7 సార్లు వచ్చింది. యాంటీబయాటిక్ కోర్సులు 3.6 నుంచి 1.9కి దిగాయి. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది సీసా నీళ్లమ్మే డానోన్ కంపెనీ. ఆ సంగతి పాఠకులకు తెలియాలి. అయినా ఫలితం కుళాయి నీళ్లకూ వర్తించేదే, లోపల జరిగే పని ఒకటే కాబట్టి.

మూడు అరలీటర్లంటే లీటరున్నర. వ్యాసకర్త కొలతలో సరిగ్గా రెండు చెంబులు.

ఒక చెంబు లేచింది మొదలు మధ్యాహ్నం లోపు, రెండోది సాయంత్రం ఏడు లోపు. రాత్రి పడుకునే ముందు తాగితే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మూడోరోజుకే అలవాటు తప్పుతుంది. ఒక్కసారే గటగటా పోసుకోవడం కన్నా గంటకి నాలుగు గుక్కలు మేలు. రోహిణి కార్తెలో ఈ లెక్క సరిపోదు, చెమటకి ఎంత పోయిందో చెంబుకి తెలియదు. అప్పుడు చూసుకోవాల్సింది రంగు. నిమ్మకాయ పిండిన నీళ్లలా ఉంటే చాలు, పసుపు ముదిరితే ఇంకా తాగాలి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. ఉద్దానంలో లాగా కిడ్నీ రోగులున్న ఇళ్లలో ఎవరు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరే చెప్పాలి.

పెద్దావిడ బార్లీతో మొదలుపెట్టే చలవ సరుకుల జాబితాను ఇక్కడ చూడాలి. బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు, పల్చటి మజ్జిగ, ధనియాల నీళ్లు, కొబ్బరిబోండం. ఒంట్లో వేడికీ ఈ మంటకీ సంబంధం లేదు. బార్లీ గింజ బ్యాక్టీరియాను చంపుతుందని రుజువూ కాలేదు. కానీ ఆ జాబితా పొడవునా ఉన్నది నీరే. పిడికెడు గింజలు చెంబెడు నీళ్లలో కాచి రోజంతా తాగిస్తే, నీళ్లు తాగమంటే తాగని పిల్ల కూడా లీటరు తాగేస్తుంది. పెద్దావిడ చెప్పిన కారణం తప్పు, చేయించిన పని ఒప్పు. అందుకే వ్యాసకర్త ఇంట్లో బార్లీ డబ్బా ఇప్పటికీ అలాగే ఉంది, పంచదార మాత్రం వేయరు. షుగరు ఉన్నవాళ్లకు ఈ ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎలాగూ ఎక్కువ. పొటాషియం పెరిగిన కిడ్నీ రోగులకు కొబ్బరినీళ్లు ప్రమాదం. పల్లేరు కాయల కషాయాన్ని ఆయుర్వేదం మూత్రబాధలకు వాడుతుంది. అది కాచుకునేవాళ్లు వేసుకుంటున్న మిగతా మందుల సంగతి వైద్యుడికి చెప్పి కాచుకోవాలి.

ఇక మందుల షాపు అద్దాల వెనక మెరిసే ఎర్ర పెట్టె, క్రాన్‌బెర్రీ.

అమెరికాలో విస్కాన్సిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల చిత్తడి నేలల్లో పండే పుల్లటి పండది. మూత్రాన్ని పులుపెక్కించి బ్యాక్టీరియాను చంపుతుందని మొదట్లో అనుకున్నారు. 1980లలో ఆ ఊహ మారింది. పండులోని కొన్ని పదార్థాలు బ్యాక్టీరియాను చంపవు, గోడకు అంటుకోకుండా చూస్తాయని తేలింది; అవి ప్రోయాంథోసయనిడిన్లని తర్వాత గుర్తించారు. 1994లో 153 మంది వయసు మళ్లిన స్త్రీలకు రోజుకి 300 మిల్లీలీటర్ల రసం ఇచ్చి చూస్తే, మూత్రంలో బ్యాక్టీరియా, చీముకణాలు కనిపించే అవకాశం బాగా తగ్గింది. తర్వాత వచ్చిన పరీక్షలు ఒకటి అవునంటే ఇంకొకటి కాదంది. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2012లో పెద్ద ఉపయోగం లేదని తేల్చింది. అదే సంస్థ 2023లో 50 అధ్యయనాలను, 8,857 మంది వివరాలను కలిపి మళ్లీ చూసి మాట మార్చుకుంది. తిరగబెట్టే ఇన్‌ఫెక్షన్ ఉన్న స్త్రీలలో ముప్పు నాలుగో వంతు తగ్గుతుందని, పిల్లల్లో సగానికి పైగా తగ్గుతుందని చెప్పింది. గర్భిణులకు, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లకు, సంచి పూర్తిగా ఖాళీ కానివాళ్లకు ఉపయోగం కనిపించలేదు.

పదకొండేళ్లలో తీర్పు తిరగబడిందని కొందరు నవ్వుతారు. ఈ వ్యాసకర్తకు మాత్రం ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది. కొత్త లెక్కలొచ్చాక పాత మాటనే పట్టుకుని కూర్చోలేదు కదా.

నాలుగో వంతు చిన్న సంగతేమీ కాదు, పెట్టె మీది బొమ్మ ఆశపెట్టేంత పెద్దదీ కాదు. ఇది రాకుండా ఆపడానికే పనికొస్తుంది, వచ్చిన మంటను తగ్గించదు. తీపి కలిపిన రసం డబ్బాల కన్నా గుళికలు నయం. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. ఇంకో పొరపాటు మన దగ్గర ప్రత్యేకంగా జరుగుతోంది. పప్పులో వేసుకునే వాక్కాయను కొందరు మన క్రాన్‌బెర్రీ అంటున్నారు. వాక్కాయ పప్పు రుచికి సాటిలేదు. కానీ అది వేరే కుటుంబానికి చెందిన చెట్టు, క్రాన్‌బెర్రీ మీద జరిగిన పరీక్షలేవీ దానికి చెల్లవు.

అదే పెట్టెలో తరచూ జతగా ఉండేది డి-మానోస్. ఇదొక రకం చక్కెర. బ్యాక్టీరియా నూగు సంచి గోడమీద వెతుక్కునేది సరిగ్గా ఈ చక్కెరనే. మూత్రంలో అదే తేలుతూ కనిపిస్తే దాన్ని పట్టుకుని గోడను వదిలేసి బయటికి కొట్టుకుపోతుందని ఆలోచన. ఎంత చక్కటి ఆలోచన! 2014లో క్రొయేషియాలో 308 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, ఆరు నెలలపాటు రోజుకి రెండు గ్రాములు తీసుకున్నవాళ్లలో దాదాపు 15 శాతం మందికే జబ్బు తిరగబెట్టింది. ఏమీ తీసుకోనివాళ్లలో 60 శాతం మందికి వచ్చింది. ఆ అంకె చూసి వ్యాసకర్త కూడా నాలుగు నెలలు కొనుక్కుంది. అయితే ఆ అధ్యయనంలో ఉత్తుత్తి పొడి తీసుకున్న జట్టు లేదు, ఎవరేం తీసుకుంటున్నారో అందరికీ తెలుసు. ఆ లోటు తీరుస్తూ బ్రిటన్‌లో 598 మంది స్త్రీలకు సగంమందికి డి-మానోస్, సగంమందికి మామూలు పళ్ల చక్కెర, ఏది ఎవరిదో చెప్పకుండా ఆరు నెలలు ఇచ్చారు. 2024లో ఫలితం వచ్చింది. జబ్బు మళ్లీ వచ్చిందని వైద్యుల దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక వైపు 51 శాతం, రెండో వైపు 55.7 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. నెలనెలా ఆ పొడికి పెట్టే డబ్బు ఇప్పుడు కొబ్బరిబోండాలకు పోతోంది.

పెరుగు సంగతి ఇంకా మెలికలున్నది. ఫిన్లండ్‌లో 2003లో వచ్చిన ఒక పరిశీలనలో, పెరుగులాంటి పులిసిన పాల పదార్థాలు వారానికి కనీసం మూడుసార్లు తినే స్త్రీలలో ఈ జబ్బు బాగా తక్కువగా కనిపించింది. అదే దేశంలో అంతకు రెండేళ్ల ముందు 150 మంది మీద చేసిన పరీక్షలో, మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన పానీయం ఏ మేలూ చేయలేదు. తినే అలవాటు ఉన్నవాళ్లలో ఇంకేవో మంచి అలవాట్లు కూడా ఉండి ఉండవచ్చు. రోజూ రెండుపూటలా పెరుగన్నం తినే తెలుగువాళ్లు దాన్ని మానక్కర్లేదు, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

తిండితో తీరనిది ఒకటుంది. ముట్టు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి, యోనిలో కాపలా కాసే లాక్టోబాసిలస్ బ్యాక్టీరియా పలచబడుతుంది. ఆ వయసులో మాటిమాటికీ వచ్చే ఇన్‌ఫెక్షన్‌కి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది. 1993లో 93 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో ఉత్తుత్తి క్రీము వాడినవాళ్లకు ఏడాదికి ఒక్కొక్కరికి సగటున 5.9 సార్లు వస్తే, ఈస్ట్రోజెన్ క్రీము వాడినవాళ్లకు 0.5 సార్లే వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా మన అమ్మలకూ అత్తలకూ ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. అడగడానికి వాళ్లకు సిగ్గు, చెప్పడానికి వైద్యులకు తీరిక లేదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిల సంగతీ అంతే. కలయిక తర్వాత ఈ మంట వచ్చే అవకాశం ఎక్కువని ముందే ఒక్కరు చెబితే, వాళ్లు తమలోనే ఏదో దోషం ఉందని కుమిలిపోరు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే బార్లీ కాచుకుంటూ కూర్చోకూడదు, అది కిడ్నీ దాకా పాకిందన్న గుర్తు. గర్భిణులు అసలు ఆలస్యం చేయకూడదు. కిందటిసారి మిగిలిన మాత్రలు వేసుకోవడం, కౌంటరు దగ్గర పేరు చెప్పి రెండు కొనుక్కోవడం మరీ చెడ్డ పని. మన దేశంలో ఈ.కోలై చాలా మాత్రలకు లొంగడం మానేసింది. కల్చర్‌కి ఇచ్చాకే మందు మొదలుపెట్టాలి.

నోటుపుస్తకం నేర్పిన అసలు పాఠం మాత్రం బాత్రూమ్ గురించి. కోజికోడ్ మిఠాయి తెరువులోని దుకాణాల్లో పనిచేసే సేల్స్‌గర్ల్స్ రోజంతా నిలబడి, బాత్రూమ్‌కు వెళ్లే వీల్లేక నీళ్లు తాగడమే మానేసేవాళ్లు. దర్జీ పని చేసుకునే విజి అనే ఆమె వాళ్లను కూడగట్టి 'పెన్‌కూట్టు' పేరుతో పోరాడింది. బాత్రూమ్ అడిగారు, కూర్చోవడానికి స్టూలు అడిగారు. కేరళ 2018లో చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2019లో, కేరళ బడుల్లో నీళ్లు తాగమని వేళకి గంట కొట్టడం మొదలైంది. ఆ వాటర్ బెల్ తెలుగు రాష్ట్రాల బడులకూ వచ్చింది. గంట మోగితే పిల్లలు తాగుతారు. తాగిన గంటన్నరకి ఆడపిల్లలు ఎక్కడికి వెళ్లాలో, అక్కడ నీళ్లు, తలుపు, గొళ్లెం ఉన్నాయో లేదో బడికి వెళ్లిన ప్రతి తల్లీ ఒకసారి లోపలికి తొంగి చూడాలి.

వ్యాసకర్త తాళంచెవి అడిగింది. ఇచ్చారు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే మొహమాటంతో ఉన్నారని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ చెవి అందరికీ అందేలా మేకుకి వేలాడుతోంది. పోయిన నెల విశాఖ ప్రయాణంలో బస్సెక్కగానే ఆమె డ్రైవరును అడిగింది, ఎక్కడెక్కడ ఆపుతారని. రాజమండ్రి బస్టాండులో పది నిమిషాలు, తుని దగ్గర భోజనానికి అరగంట. పర్సులో చిల్లర వేరుగా పెట్టుకుని, ఏలూరు దాటకముందే సీసా మూత తీసింది. నోటుపుస్తకంలో ఆ రోజు ఎడమవైపు రెండు చెంబులకు కొంచెం తక్కువ, కుడివైపు ఐదు వేళలు రాసి ఉన్నాయి.