మూడు ముక్కల్లో సౌర తుఫాను

భూమి చుట్టూ ఉన్న అంతరిక్షం ఖాళీ కాదు. సెకనుకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌర పవనానికీ, దాన్ని అడ్డుకునే భూమి అయస్కాంత క్షేత్రానికీ అక్కడ ఎడతెగని పెనుగులాట. అందులో ప్రతి కదలికనూ లెక్కగట్టబోతే సూపర్ కంప్యూటర్లకే చెమటలు పడతాయి. 1989 మార్చిలో ఆ పెనుగులాట ముదిరి, కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలు కరెంటు లేకుండా ఉండిపోయారు. అలాంటి తుఫాను ఎంతవరకు పోతుందో చిత్తుకాగితం మీద అంచనా కట్టవచ్చని 1975లోనే ముగ్గురు చూపించారు. బర్టన్, మెక్‌ఫెరాన్, రసెల్ ‘జర్నల్ ఆఫ్ జియోఫిజికల్ రీసెర్చ్’లో ప్రచురించిన ఆ సమీకరణం పనితనం చూడదగ్గది.

వాళ్లు పట్టుకోదలచింది డీఎస్‌టీ అనే సూచీని. హొనొలులు, శాన్ హువాన్, హెర్మనస్, కకియోకా అబ్జర్వేటరీల్లో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం మామూలు స్థాయి నుంచి ఎంత జరిగిందో గంటగంటకూ లెక్కించి, ఆ నాలుగింటినీ కలిపి సగటు తీస్తారు. తుఫాను వేళ భూమి చుట్టూ తిరిగే వలయ విద్యుత్ ప్రవాహం బలపడుతుంది. నేల మీద దాని క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు గనుక సూచీ సున్నా కిందికి జారుతుంది. మైనస్ 100 నానోటెస్లాలు దాటితే తీవ్రమైన తుఫాను కిందే లెక్క.

మొదటి పని, లెక్కలోంచి కల్తీని తీసేయడం. సౌర పవనం ఒక్కసారిగా ఒత్తినప్పుడు, భూమి క్షేత్రం పరచుకున్న అయస్కాంతావరణం కుంచించుకుపోయి సూచీ కాసేపు పైకి లేస్తుంది. వలయ ప్రవాహంతో దీనికి సంబంధం లేదు. అందుకే పవన పీడనపు వర్గమూలానికి అనులోమంగా కొంత తీసివేశారు. వర్గమూలమే ఎందుకంటే, అయస్కాంత పీడనం క్షేత్రపు వర్గాన్ని బట్టి ఉంటుంది. పీడనం నాలుగింతలైతే, దాన్ని ఆపడానికి క్షేత్రం రెండింతలైతే చాలు. అంకెలకు సరిపోయిందని తెచ్చి అతికించిన పదం కాదది, భౌతికశాస్త్రంలోంచి వచ్చింది.

రెండో ముక్క, తుఫానుకు అందే మేత. సౌర పవన వేగాన్ని, అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రంలోని దక్షిణ దిశ భాగంతో గుణిస్తే ఒక విద్యుత్ క్షేత్రం వస్తుంది. క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉంటే మేత సున్నా. దక్షిణానికి తిరిగినా మీటరుకు 0.5 మిల్లీవోల్టు దాటేదాకా సున్నాయే. ఆపైన ప్రతి మిల్లీవోల్టుకూ సూచీ గంటకు సుమారు 5.4 నానోటెస్లాల చొప్పున పడుతుంది. పవనం ఎంత దట్టంగా ఉందన్నది ఇక్కడ అడగలేదు. సాంద్రతను ఈ మేత లెక్కలోకి వాళ్లు రానివ్వలేదు.

మూడో ముక్క, తరుగు. వలయ ప్రవాహం ఎంత బలంగా ఉంటే అంత వేగంగా తరుగుతుంది. మేత ఆగిపోతే 7.7 గంటల్లో అది మూడో వంతు కంటే కాస్త ఎక్కువగా మిగులుతుంది.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. పవన వేగం సెకనుకు 500 కిలోమీటర్లు, దక్షిణ భాగం 10 నానోటెస్లాలు అనుకుంటే విద్యుత్ క్షేత్రం మీటరుకు 5 మిల్లీవోల్టులు. అందులో 0.5 పోగా మిగిలిన 4.5కి గంటకు 24 నానోటెస్లాల మేత. సూచీ దిగేకొద్దీ తరుగూ పెరుగుతుంది. మైనస్ 187 దగ్గర రెండూ సమానమవుతాయి. అదే గాలి రోజుల తరబడి వీచినా తుఫాను అంతకు మించదు. ముందు ఒక లేపు, తర్వాత గట్టి పతనం, చివర నెమ్మదిగా కోలుకోవడం: తుఫానుల్లో తరచూ కనిపించే ఈ మూడు దశలకూ మూడు ముక్కల్లో ఒక్కొక్కటి సమాధానం చెబుతుంది. 1967, 68 సంవత్సరాల్లోని ఏడు తుఫాను సందర్భాల మీద పరీక్షిస్తే ఫలితం బాగానే కుదిరింది.

అంత గజిబిజి వ్యవస్థ ఇంత చిన్న సూత్రానికి ఎలా లొంగింది? ఏ కిటికీలోంచి చూడాలన్న ఎంపికలో ఉంది కిటుకు. గంట సగటు, నాలుగు కేంద్రాల సగటు, పైగా గంటల తరబడి నిలిచే ప్రవాహం. చిన్న కుదుపులన్నీ అందులో కలిసిపోతాయి. భూమికి రాత్రి వైపున్న అయస్కాంత తోకలో శక్తి కూడి కూడి హఠాత్తుగా విడుదలయ్యే ఉపతుఫానుల సంగతి వేరు. 1990లో బేకర్, సహచరులు వాటిని కారే కొళాయితో పోల్చి నమూనా కట్టారు. కొళాయిని కొద్దిగా తిప్పితే చుక్కలు లయగా పడతాయి. ఇంకాస్త తిప్పితే నియమం అదే అయినా లయ చెదిరి, తర్వాతి చుక్క ఎప్పుడో చెప్పలేని స్థితి వస్తుంది. కేయాస్ అంటే ఇదే. 1975 సమీకరణం ఆ జోలికి పోలేదు, పోయినట్టు చెప్పుకోనూ లేదు.

లోపం లేకపోలేదు. 7.7 గంటలన్న తరుగు కాలం ఎప్పుడూ ఒకటే ఉండదు. 2000లో ఓబ్రయన్, మెక్‌ఫెరాన్ దాన్ని సరిదిద్దారు. వాళ్ల లెక్కలో మేత లేనప్పుడు తరుగు కాలం సుమారు 19 గంటలు, 5 మిల్లీవోల్టుల దగ్గర ఆరున్నర గంటలు. విశేషమేమిటంటే, మరమ్మతు తర్వాత కూడా మూడు ముక్కలు మూడు ముక్కలుగానే ఉన్నాయి. అంకెలు కొన్ని మారాయి, 0.5 అన్న గడప మాత్రం 0.49 అయింది, అంతే. పాతికేళ్ల కొత్త కొలతలు వచ్చినా చట్రం కదలకపోవడమే మంచి పనికి గుర్తు.

ఈ లెక్కకు కావలసిన పవన వేగం, సాంద్రత, క్షేత్రం మూడింటినీ భూమి నుంచి సూర్యుడి వైపు సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కొలుస్తారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే ఉంది. దానిలోని ఆస్పెక్స్ పరికరం పవనాన్ని, మాగ్నెటోమీటరు క్షేత్రాన్ని కొలుస్తాయి. ఆ డేటాను ఇస్రో, డీఎస్‌టీ పట్టికలను క్యోటో కేంద్రం అందరికీ అందుబాటులో ఉంచాయి. గుణకారం, తీసివేత వచ్చిన ఇంటర్ విద్యార్థి ఎవరైనా ఒక తుఫానును ఎంచుకుని గంటగంటకూ లెక్క వేసి చూడవచ్చు. ఈ సమీకరణాన్ని మెచ్చుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు.