ఓటమిలోని నవ్వు: సినిమా నుంచి చేతి ఆటకు

కథ మాధ్యమం మారినప్పుడు సన్నివేశాలు మిగిలినా రసం మిగలకపోవచ్చు. జేర్డ్ హెస్ హాస్యచిత్రం ‘నాచో లిబ్రే’ (2006) ఇందుకు ఉదాహరణ. మెక్సికోలో అనాథ పిల్లలకు వండిపెట్టే ఇగ్నాసియో, వాళ్ళకు మంచి తిండి పెట్టాలని ముసుగు తొడిగి రహస్యంగా కుస్తీ పడతాడు. ఓడినా డబ్బు దొరుకుతుంది. నవ్వూ జాలీ ఆ ఓటమిలోనే పుడతాయి.

అదే ఏడాది మజెస్కో సంస్థ దీనిని నింటెండో డీఎస్ ఆటగా విడుదల చేసింది. ముసుగులూ బరీ అందులోకి వచ్చాయి. కానీ కుస్తీ ఆట గెలవమంటుంది. ప్రేక్షకుడు నవ్విన ఓటమి ఆటగాడికి విసుగవుతుంది. కనుక అనుసరణలో ఏది మిగిలిందో కాదు, ఓటమికి ఏ విలువ దక్కిందో చూడాలి.

అభ్యాసం: కోట వంటి ఊళ్ళలో నేడు సెల్‌ఫోనే చేతి ఆట. మీకు తెలిసిన ఒక సినిమా ఆటను ఈ దృష్టితో పరిశీలించండి.