తడి తెలిసిన చేతులు

అరిసెకు కావలసిన ముఖ్యమైన సరుకులు నాలుగే: బియ్యం, బెల్లం, నువ్వులు, వేయించడానికి నూనె. ఇంత కొద్ది సరుకుతో ఇంత సులువుగా చెడిపోయే పిండివంట ఇంకొకటి లేదనుకుంటాను. సంక్రాంతి ముందు అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇళ్లలో చేయి తిరిగినవాళ్లు కూర్చుంటే, వాళ్ల చూపు కొలగిన్నె మీద కన్నా తడి మీదే ఎక్కువగా ఉంటుంది.

పని బియ్యంతో మొదలవుతుంది. ముతక బియ్యాన్ని నీళ్లు మారుస్తూ ఒక రోజైనా నానబెడతారు. తర్వాత నీళ్లు ఓడ్చి, పొడిగుడ్డ మీద కాసేపు ఆరబోసి, చెమ్మ ఉండగానే దంచుతారు, లేదా మిల్లుకు పంపుతారు. నానిన గింజ మెత్తబడి ఉంటుంది కనుక మెత్తగా నలుగుతుంది, అందులోని పిండి పదార్థం పెద్దగా దెబ్బతినదు. పొడిపిండి అయితే పాకంలోని నీటిని పీల్చేసుకుంటుంది, అరిసె గట్టిపడుతుంది. అందుకే జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, పైన గుడ్డ కప్పుతారు. గుప్పిట పట్టి చూస్తే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి.

ఇక పాకం. మరుగుతున్న బెల్లంలోంచి ఒక చుక్క తీసి పళ్లెంలోని చన్నీళ్లలో వేస్తారు. కరిగిపోతే ఇంకా లేత. వేళ్ల మధ్యకు తెచ్చినప్పుడు మెత్తని ఉండ అయితే సరిపోయింది. థర్మామీటరు పెడితే అప్పుడు వేడి 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పంటికి లొంగదు. పంచదార కన్నా బెల్లం ఇక్కడ మేలు చేయడానికీ కారణం ఉంది. బెల్లంలో ఉండే కొద్దిపాటి గ్లూకోజు, ఫ్రక్టోజు చక్కెరను పలుకు కట్టనివ్వవు, అరిసె మెత్తగా నిలుస్తుంది.

పొయ్యి మీంచి దించిన పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో తిప్పుతారు. నెయ్యి, ఏలకుల పొడి, నువ్వులు పడ్డాక చలిమిడి తయారవుతుంది. నూనె రాసిన అరటాకు మీద ఉండను వేళ్లతో తట్టి మూకుట్లో వదిలితే, లోపలి నీరు ఆవిరై అరిసెను కాస్త ఉబ్బిస్తుంది. ఇంకా మెత్తగా ఉన్నప్పుడే చిల్లుల గరిటెతో తీసి, రెండు అరిసె చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. నూనె కారిపోతుంది, మందం సమమవుతుంది. ఆలస్యమైతే చల్లబడి బిగుసుకుంటుంది, అప్పుడు నొక్కితే పగులుతుంది.

అదే తడిపిండి, బెల్లం పాకాల్లో నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు కలిపి ఉండలు చేస్తే పాకుండలు. ఆకారం మారింది కనుక మంట కూడా మారాలి. ఉండ మధ్యకు వేడి చేరేలోపు పైన బెల్లం మాడిపోకూడదు. అందుకే సన్నని సెగ, నిదానంగా తిప్పడం. కొబ్బరి ముక్కల్లో చెమ్మ మిగిలితే నూనె చిమ్ముతుంది కాబట్టి ముందే వేయించుకోవడం రుచికే కాదు, క్షేమానికి కూడా. పక్కనే ఉన్న ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రావలసిందే. పాకుండను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. నా లెక్కలో పనితనానికి అదేమీ తీసిపోదు.

గవ్వల పని వేరు. గట్టిగా కలిపిన మైదా ఉండను గీతల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకు తోస్తే, తనంతట తానే చుట్టుకుంటుంది. ఆ చుట్ట, ఆ గీతలు అందానికి మాత్రమే అనుకోవద్దు. లోపల బోలు కావడంతో గవ్వ అంతటా గోడ పలచగా ఉండి నూనెలో ఒక్కలా వేగుతుంది, గీతల్లో పాకం పట్టుకుంటుంది.

కజ్జికాయలో మళ్లీ తడితోనే పేచీ. కొబ్బరి కోరు, బెల్లం కలిపిన లోపలి పూర్ణాన్ని దగ్గర పడేదాకా ఉడికించకపోతే ఆ చెమ్మకు పైపొర మర్నాటికే సాగుతుంది. అంచును వేలితో కొద్దికొద్దిగా మడుస్తూ మెలిక వేసేటప్పుడు ఒక్క సందు మిగిలినా పూర్ణం నూనెలోకి జారుతుంది, మూకుడంతా నల్లబడుతుంది.

అన్నీ పూర్తిగా చల్లారాకే రేకు డబ్బాల్లోకి ఎక్కుతాయి. వేడిగా పెడితే మూతకు ఆవిరి పట్టి బూజు వస్తుంది. అరిసెలనూ గవ్వలనూ ఒకే డబ్బాలో కలపరు. అరిసెలోని తడిని గవ్వ లాక్కుని మెత్తబడుతుంది, ఇటు అరిసె ఎండిపోతుంది.