కంచు గొడ్డళ్లు, గిల్గమేష్ బండ్లు

సివిలైజేషన్ ఆటల్లో తొలి దండయాత్రను ఆడేవాళ్లు ‘రష్’ అంటారు. పక్కవాడి ఊరికి ఇంకా గోడలు లేవని, కాపలాకి ఇద్దరే ఉన్నారని తెలుసుకుని, అతను తేరుకోకముందే మీద పడటం. క్రీస్తుపూర్వం 4000లో మొదలయ్యే ఆటలో, గుడులూ గ్రంథాలయాలూ కట్టుకోవాల్సిన కాలంలో ఆయుధాలు చేయించడం. ఏ భాగం యుద్ధాన్ని ఎలా చూస్తుందో తెలియాలంటే రష్ ఆడి చూడటమే మంచి దారి అని నా అనుభవం. 2005లో వచ్చిన నాలుగో భాగాన్నీ 2016లో వచ్చిన ఆరో భాగాన్నీ నేనలాగే పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఫిరాక్సిస్ సంస్థవే. నాలుగో దానికి సోరెన్ జాన్సన్, ఆరో దానికి ఎడ్ బీచ్ ముఖ్య రూపకర్తలు. రష్ రెండింట్లోనూ గెలుస్తుంది. తేడా అంతా గెలిచిన మర్నాటి నుంచి మొదలవుతుంది.

నాలుగో భాగంలో రష్‌కి మూలం ఒకే విద్య, కంచు పని. అది వచ్చిన టర్న్‌లోనే రాగి ఎక్కడుందో మ్యాప్ మీద కనిపిస్తుంది. వర్కర్లు అడవి కొట్టి ఆ కలపను ఉత్పత్తిగా మార్చగలుగుతారు. బానిసత్వం అనే పాలనా పద్ధతి కూడా అప్పుడే చేతికొస్తుంది. రాగి రాజధాని పొలిమేరలోనే పడితే యుద్ధం సగం ఖాయమైనట్టే. ఆ రాగితో చేయించే గొడ్డలి సైనికుడే యాక్స్‌మన్. మామూలు వేగంలో ఒక్కొక్కరికీ 35 హామర్ల ఉత్పత్తి కావాలి. ఒక అడవి కొడితే 20 వస్తాయి. బానిసత్వంలో కొరడా తీస్తే జనాభాలో ఒకరు పోయి 30 వస్తాయి.

ఎదుటి ఊళ్లో ఆర్చర్ ఉంటాడు. అతని బలం 3, యాక్స్‌మన్ బలం 5. చూడ్డానికి తేలికే. కానీ ఊరిని కాపాడుతున్నందుకు ఆర్చర్‌కి 50 శాతం అదనం. కదలకుండా పాతుకుపోయినందుకు 25, ఆ ఊరి సరిహద్దు ఒకసారి విస్తరించి ఉంటే ఇంకో 20. అలా 3 కాస్తా 5.85 అవుతుంది. ముందే బ్యారక్స్ కట్టి మన యాక్స్‌మన్‌కి ‘సిటీ రైడర్’ ఇప్పిస్తే ఆ అదనాల్లోంచి 20 తగ్గి మొత్తం 5.25కి దిగుతుంది. అయిదుకీ అయిదుంపావుకీ పోటీ అన్నమాట. మొదట వెళ్లినవాడు చాలాసార్లు తిరిగి రాడు. ఆర్చర్‌ని గాయపరిచి పోతాడు, ఆ గాయం మీద రెండోవాడు కొడతాడు. ఊరు గుట్ట మీద ఉంటే ఆర్చర్‌కి మరో 50 శాతం కలుస్తుంది, ఆ ఊరి జోలికి పోకపోవడమే మేలు. అందుకే నేను ఎనిమిది మంది పోగవనిదే పొలిమేర దాటను.

ఆ ఎనిమిది మందిని పోగుచేయడంలోనే ఈ ఆట మొదటి దెబ్బ వేస్తుంది. ఒకసారి నా రాజధానిలో జనాభా ఆరు. కొరడా వరసగా వాడేసరికి మూడుకి దిగింది. మిగిలినవాళ్లలోనూ పది టర్న్‌ల పాటు అసంతృప్తి. పొలాలున్నాయి, దున్నడానికి మనుషులు లేరు. అంకెల ఆటే అని తెలిసినా, ఊరు పేరు పక్కన ఆరు పోయి మూడు కనబడ్డప్పుడు నాకు ఏదోలా అయింది. అలా అనిపించడం ఈ ఆట గొప్పతనమనే నా నమ్మకం. పక్కవాడి ఊరు కావాలంటే మన ఊరినే ముందు బలిపెట్టాలని అది కళ్లకు కట్టి చూపిస్తుంది.

అసలు సంగతి గెలిచాక తెలుస్తుంది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనకో మాట ఉంది. నాలుగో భాగంలో తొలి విజయం అచ్చం అలాగే ఉంటుంది. పట్టుకున్న ఊరు కొన్నాళ్లు లొంగదు, ఏమీ పండించదు. లొంగిన దగ్గర్నుంచి నిర్వహణ ఖర్చు మీద పడుతుంది. ఊళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒకటి, రాజధానికి ఎంత దూరమైతే అంత ఇంకొకటి. ఖజానా నిలబడాలంటే పరిశోధన స్లైడర్‌ని దించాలి. నిండా నడుస్తున్న చదువు 30 శాతానికి పడిపోతుంది. ఖజానా పూర్తిగా ఎండితే జీతాల్లేని సైన్యం విడిపోవడం మొదలెడుతుంది. ఆ ఖర్చుని సగం చేసే న్యాయస్థానాలు కట్టాలంటే ఇంకా ఎన్నో విద్యలు దాటాలి. మూడో భాగంలో దూరపు ఊళ్లు అవినీతితో పనికిమాలినవైనా, వాటిని పేర్చుకుంటూ పోవడమే లాభం. ఆ భాగానికీ పనిచేసిన జాన్సన్ ఆ జబ్బుకి విరుగుడుగానే ఈ నిర్వహణ ఖర్చు తెచ్చాడు. దానివల్ల రష్ చేసేవాడికి ఎవరిని కొట్టాలన్న ప్రశ్న కంటే ఎక్కడ ఆగాలన్న ప్రశ్న పెద్దదవుతుంది. మూడో ఊరు ఉంచుకోవాలా, తగలబెట్టాలా? ఉంచుకుంటే ఖర్చు, తగలబెడితే ఇంత చేసింది దేనికని.

ఇక ఆరో భాగంలో గిల్గమేష్‌ని తీసుకోండి. సుమేరియా వార్ కార్ట్‌కి ఏ విద్యా అక్కర్లేదు, ఏ లోహమూ అక్కర్లేదు. మొదటి టర్న్ నుంచే కట్టొచ్చు. దాని బలం 30, ఎదుటి వారియర్ బలం 20. ఈ ఆటలో పది పాయింట్ల తేడా అంటే మనం కొట్టినప్పుడు వందలో సుమారు 45 పోతాయి, మనకు తగిలేది 20. బల్లేలవాళ్లు మామూలుగా బండ్లను ఆపుతారు, వార్ కార్ట్ వాళ్లకూ జంకదు. మైదానంలో మొదలైతే ఒక్క టర్న్‌లో నాలుగు గడులు పరిగెడుతుంది. గోడలు కట్టని ఊరు ఎదురు బాణం కూడా వేయలేదు.

యుద్ధం జరిగే తీరు వరకు చూస్తే ఆరో భాగమే ముందుంది, ఇది ఒప్పుకోవాలి. గడికి ఒకే యూనిట్ కాబట్టి నది ఎక్కడ దాటాలి, గుట్ట ఎవరెక్కాలి, ఊరిని నాలుగు వైపులా ఎలా చుట్టాలి అని ఆలోచించాలి. పూర్తిగా చుట్టేస్తే ఊరు గాయం మాన్పుకోలేదు, ముట్టడి అనే మాటకి అర్థం అక్కడ కనిపిస్తుంది. నాలుగో భాగంలో ఎనిమిది మందినీ ఒకే గడిలో గుట్టగా పోసి నడిపించడమే, అందులో అందం తక్కువ.

కానీ ఊరు పడ్డాక ఆరో భాగం మౌనంగా ఉండిపోతుంది. ఊళ్ల సంఖ్యను బట్టి పెరిగే ఖర్చు లేదు. చదువు తగ్గదు. ఎదుటివాడు కట్టుకున్న డిస్ట్రిక్ట్‌లు మనవైపోతాయి, దారిలో దొరికిన సెట్లర్లు మనవాళ్లవుతారు. సొంతంగా ఊళ్లు పెట్టాలంటే మాత్రం ప్రతి కొత్త సెట్లర్‌కీ ధర పెరుగుతూ పోతుంది. అంటే కట్టుకోవడం ఖరీదు, లాక్కోవడం చౌక. పైగా విడుదలైనప్పుడు ప్రాచీన యుగంలో యుద్ధం చేసినందుకు మిగతా రాజ్యాల దగ్గర చెడ్డపేరు కూడా రాలేదు. అంత శ్రద్ధగా యుద్ధరంగం తీర్చిదిద్దినవాళ్లు దాని తర్వాతి రోజుని ఇలా ఖాళీగా వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. (మధ్యలో 2010లో వచ్చిన అయిదో భాగం దేశమంతటికీ ఒకే సంతోషం లెక్క పెట్టి పట్టిన ప్రతి ఊరినీ అందులోంచి కోసింది. కట్టడి గట్టిదే. కానీ ఏ ఊరి బాధ ఎవరిదో కనపడదు.)

భారతదేశాన్ని ఈ రెండు ఆటలు చూసిన తీరులోనూ ఇదే తేడా. నాలుగో భాగంలో మన నాయకులు గాంధీ, అశోకుడు. మన ప్రత్యేక యూనిట్ సైనికుడు కాదు, మూడు గడులు నడిచే ఫాస్ట్ వర్కర్. అశోకుడికిచ్చిన గుణాల్లో ఒకటి ‘ఆర్గనైజ్డ్’, అది పాలనా పద్ధతుల ఖర్చుని సగం చేస్తుంది. ఆరో భాగానికి 2018లో వచ్చిన ‘రైజ్ అండ్ ఫాల్’ చంద్రగుప్తుణ్ణి తెచ్చి ‘అర్థశాస్త్రం’ పేరుతో విస్తరణ యుద్ధాన్ని మిగతావాళ్లకంటే ఎంతో ముందే ఇచ్చింది. ఆ యుద్ధం ప్రకటించిన మొదటి పది టర్న్‌లు సైన్యానికి రెండు గడుల నడకా 5 బలమూ అదనం. తాత చంద్రగుప్తుడికి దండయాత్ర తొలి రోజులు దక్కాయి, మనవడు అశోకుడికి గెలిచింది మోసే భారం దక్కింది. అశోకుడి విషయంలో జాన్సన్ బృందానికి చరిత్ర బాగా పట్టుబడిందనే అంటాను. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో చెక్కించిన శాసనాల్లో కళింగ లెక్క ఉంది, లక్ష మంది హతులు, లక్షన్నర మంది తరలింపు. ఆ శాసనాన్ని కళింగలోని ధౌలిలో గానీ జౌగఢలో గానీ చెక్కించలేదు. గెలిచిన నేల మీద ఆ అంకెలు చెప్పడానికి చక్రవర్తే వెనకాడాడు.

‘రైజ్ అండ్ ఫాల్’ ఇంకో పనీ చేసింది, విధేయత లెక్క తెచ్చింది. తొమ్మిది గడుల లోపల ఎవరి జనం ఎక్కువుంటే ఊరు అటు మొగ్గుతుంది. శత్రువు ఊళ్ల మధ్యన ఒకదాన్ని పట్టుకుంటే కొన్ని టర్న్‌ల్లో అది తిరగబడి స్వతంత్రమైపోవచ్చు. మొదటిసారి అలా పోయినప్పుడు నాకు కోపం రాలేదు, ఈ ఆట కూడా జయించినవాణ్ణి నిలదీస్తోందని సంతోషించాను. తర్వాత రెండు ఆటలు ఆడాక లొసుగు తెలిసింది. ఒత్తిడి చుట్టుపక్కల మిగిలిన శత్రు జనం నుంచే వస్తుంది. పక్కవాడి ఊళ్లన్నీ పట్టుకుని వంశం తుడిచేస్తే ఒత్తిడి పెట్టేవాళ్లే ఉండరు. సగంలో ఆగినవాడికి శిక్ష, చివరిదాకా వెళ్లినవాడికి సుఖం. నాలుగో భాగంలోనూ పక్కవాడు పూర్తిగా పోతే పట్టిన ఊళ్లలో మాతృదేశం కోసం బెంగ ఆగిపోతుంది. ఆ ఊళ్ల ఖర్చు మాత్రం ఆగదు. నా రాజధాని మూడు నుంచి మళ్లీ ఆరుకి చేరిన టర్న్‌లో కూడా నా స్లైడర్ 30 దగ్గరే ఉంది.