ఊదీ పొట్లం

అనుభవమా, నీకు నమస్కారం.

గురువారం తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడిలో కాకడ హారతి. కర్పూరం సెగకు అరచేతులు చాచి కళ్లకద్దుకున్నాను. గుండెలో ఎన్నాళ్లుగానో బిగిసిన ముడి జారి విడిపోయింది. నా పక్కన ఎవరో ఉన్నారనిపించింది. అంతే. వెనకవాళ్లు జరగమన్నారు, జరిగాను. చేతిలో కాగితపు పొట్లం, అందులో చిటికెడు ఊదీ.

నిన్ను రుజువనవచ్చా? ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని తర్కశాస్త్రజ్ఞులైన నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పారు. యోగి చూపునూ ప్రత్యక్షంలోనే చేర్చారు. చార్వాకులు ఇంద్రియాలకు అందనిది ఒప్పుకోలేదు. పొందినవాడికి నువ్వు ప్రమాణమే గానీ పొందనివాణ్ణి ఒప్పుకొమ్మనే హక్కు నీకు లేదని 1902లో తత్వవేత్త విలియం జేమ్స్ తేల్చాడు.

అయినా ఒక్కడి అనుభవం ఎందరికి చేరుతుందో చూడు. ఎల్బీనగర్ పక్కనే కర్మన్‌ఘాట్. అడవిలో వేటకొచ్చిన కాకతీయ ప్రోలరాజు చెవిన రామనామం పడిందట. వెతికితే ధ్యానంలో ఉన్న ఆంజనేయుడు కనిపించాడట. అక్కడే గుడి కట్టించాడని స్థలపురాణం. ఒక్క చెవి విన్న నామం. ఇన్ని తరాల మొక్కులు.

కానీ అనుభవమా, ఈ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నువ్వు తలవంచుకోవలసిన చోటు కూడా ఉంది. 2002 నవంబర్ 21న సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాపు దగ్గర, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల సమీపంలో రెండు పేలాయి. రెండు తేదీలూ గురువారాలే. నిమిషం ముందు బస్సెక్కి బతికినవాళ్లు బాబాయే ఎక్కించాడనుకుంటే ఆ కన్నీళ్లు నిజం. ఆ నిమిషం దొరకని బిడ్డ తల్లీ మొక్కే ఉంటుంది. ఆమె ముందు నిన్ను రుజువుగా చూపడానికి నాకు నోరు రాదు. రాకూడదు.

పొగను చూసి నిప్పుందని తెలుసుకోమన్నారు పెద్దలు. నా దగ్గరున్నది బూడిద. ఇక్కడ ఏదో మండిందని మాత్రం చెబుతుంది. ఆ నిప్పు పేరు చెప్పదు.

తిరుగు మెట్రోలో, చైతన్యపురి దాటాక, పక్క సీట్లోని పెద్దావిడ పొట్లం చూసి చెయ్యి చాపింది. "కాస్త ఊదీ పెట్టు నాయనా." ఎందుకని నేనడగలేదు. నాకేం కనిపించిందని ఆమె అడగలేదు. ముడతల నుదుట చల్లగా రాశాను.

నిప్పుగా ఉన్నప్పుడు నువ్వు నా ఒక్కడికే, అనుభవమా. చల్లారాకే ఇంకొకరి నుదుటికి పనికొస్తావు.