ఏసీ గదీ, మస్తరు పుస్తకమూ

ఈ వారం నాకు కోపం తెప్పించిన పెద్దమనిషి ఒక బాబాయి. మా బాబాయి కాదు, మా అపార్టుమెంటు రెండో అంతస్తు అమ్మాయి బాబాయి. ఆ పిల్ల బీకాం ముగించి ఐసెట్ రాసింది. ర్యాంకు పరవాలేదు. ఎంబీఏలో ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలో తేలక లిఫ్టు దగ్గర నన్ను ఆపి "అంకుల్, ఏం తీసుకోమంటారు?" అంది. నేను నోరు తెరిచేలోపే బాబాయిగారు తీర్పు చెప్పేశారు. "హెచ్‌ఆర్ తీసుకో తల్లీ. కోడింగ్ ఉండదు, టార్గెట్లు ఉండవు, ఏసీ గది. నలుగురితో నవ్వుతూ మాట్లాడితే సరిపోతుంది. ఆడపిల్లకి హాయి."

టార్గెట్లు ఉండవట! రిక్రూట్‌మెంట్‌లో చేస్తున్న పిల్లల్ని ఒక్కసారి కదిపి చూడండి. నెల తిరిగేసరికి ఇన్ని పొజిషన్లు క్లోజ్ చెయ్యాలి. ఆఫర్ లెటర్ పుచ్చుకున్నవాడు చేరతాడో, దాన్ని చూపించి ఇంకోచోట ఎక్కువ అడుగుతాడో చేరే రోజు దాకా తెలియదు. చేరకపోతే ఆ నింద ఈ పిల్ల నెత్తిన. హైదరాబాదులో హెచ్‌ఆర్ అని చెప్పుకునే తొలి ఉద్యోగాల్లో చాలా భాగం ఇదే: పొద్దున్నించీ జాబ్ పోర్టళ్లలో రెజ్యూమేలు గాలించడం, ఫోన్లు చెయ్యడం, నోటీస్ పీరియడ్ ఎంత, ఎంత జీతం అడుగుతున్నారు అని వందసార్లు అడగడం. గౌరవమైన పనే. హాయి మాత్రం కాదు.

ఆ చిరాకుతోనే అమీర్‌పేటలో తిరుగుతుంటే గోడ మీద ఒక పోస్టరు కనబడింది. 45 రోజుల్లో హెచ్‌ఆర్ జనరలిస్టుని చేసేస్తారట. ఈ కాలమ్‌కి మంచి మేత దొరికిందనుకుని, నవ్వుకోవడానికే సిలబస్ దాకా చదివాను. పీఎఫ్ చలానా, ఈఎస్‌ఐ రిజిస్ట్రేషను, ప్రొఫెషనల్ టాక్సు, గ్రాట్యుటీ లెక్క, మానేసిన ఉద్యోగికి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు, ఎక్సెల్‌లో పేరోలు. నవ్వు రాలేదు. మామూలు ఎంబీఏ కాలేజీల్లో హెచ్‌ఆర్ తీసుకున్న పిల్లల నోట్సులు నేను చూశాను. మాస్లో త్రికోణం ఉంటుంది, హెర్జ్‌బర్గ్ ఉంటాడు, నాయకత్వ లక్షణాలు ఎనిమిదో పదో ఉంటాయి. పీఎఫ్ పన్నెండు శాతం దేని మీద లెక్క కడతారంటే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు.

పే స్లిప్ చదవండి మహాప్రభో అని ఈ పేజీలో నేనెన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. ఇక్కడ ఉద్యోగి తన పే స్లిప్ చదవడు, దాన్ని తయారుచేసే శాఖలో చేరబోయేవాడూ చదవడు.

హెచ్‌ఆర్ చదువుల సంగతి రెండు వారాల కిందట క్లుప్తంగా ప్రస్తావిస్తే, ఈ కాలమ్ పాఠకులు, కాకినాడ రిటైర్డ్ హెడ్మాస్టరుగారు యథాప్రకారం ఇన్‌లాండ్ లెటరు రాశారు. (పోస్టాఫీసులో ఇంకా అవి ఆయన కోసమే ఉంచుతున్నారని నా అనుమానం.) "మనుషులతో మెలగడానికి డిగ్రీలెందుకండీ, మానవత్వం ఉంటే చాలదా?" అన్నారు. ఎంబీఏ నోట్సుల మీద నాకున్న కోపానికి ఆ మాట చల్లగా తగిలింది. నిజమే కదా అనిపించి, మా ఊరి వెల్ఫేరు బాబు గురించి రాద్దామని కూర్చున్నాను.

మా నాన్న ఉత్తరాంధ్రలో ఒక జూట్ మిల్లులో టైమ్ కీపరు. గేటు పక్కనే టైమ్ ఆఫీసు, గోడకి వరసగా టోకెన్ల బోర్డు, బల్ల మీద హాజరు వేసే మస్తరు పుస్తకాలు. ఆదివారం కూడా నాన్న చొక్కా గోగునార వాసన వేసేది. పొద్దున కూత కుయ్యకముందే గేటు దగ్గర బదిలీవాళ్లు మూగేవారు. పర్మినెంటు కార్మికుడు ఆ పూట రాకపోతే అతని మగ్గం మీద నిలబడేవాడు బదిలీ. మేస్త్రీ ఎవరివైపు వేలు చూపిస్తే వాడికి ఆ రోజు కూలి, మిగిలినవాళ్లు క్యారేజీ పట్టుకుని తిరిగి ఇంటికి. ఆ వేలు ఊరికే లేచేది కాదని అందరికీ తెలుసు.

ఇది మా మిల్లు ఒక్కదాని కథ కాదు. ఫ్యాక్టరీల్లో మనుషుల్ని పెట్టుకోవడం మేస్త్రీల చేతిలో ఉన్నంతకాలం లంచం పోదని, ఆ పని చూడ్డానికి లేబర్ ఆఫీసర్లని వెయ్యమని 1931లోనే విట్లీ కమిషన్ చెప్పింది. హెచ్‌ఆర్ వృత్తి మన దేశంలో పుట్టింది అక్కడ, ఫ్యాక్టరీ గేటు దగ్గర. బొంబాయిలో టాటాల సోషల్ వర్క్ స్కూలు, ఇప్పటి టిస్, 1936లో మొదలైంది. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949ది. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షను, 500 మందీ ఆపైన పనిచేసేచోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలంది. కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష ఆ ఆఫీసరుకి వచ్చి ఉండాలని రూల్సు రాశారు. జీతమిచ్చేది యజమాని, చూసుకోవాల్సింది కార్మికుణ్ణి. ఈ ఇరకాటం చట్టం రాసినవాళ్లకీ తెలుసు. అందుకే కార్మికుల మీద క్రమశిక్షణ కేసులు ఈ ఆఫీసరు చేత నడిపించకూడదని చాలా రాష్ట్రాలు రూల్సులో చేర్చాయి.

మా మిల్లుకి అలా వచ్చినవాడు ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న సన్నటి కుర్రాడు. ఊరంతా "వెల్ఫేరు బాబు" అనేవారు. ఇప్పటికీ మా ఊళ్లో ముసలివాళ్లని అడిగితే రెండు కథలు చెబుతారు. తుఫానులో కార్మికుల లైన్లు మునిగితే మోకాటి లోతు నీళ్లలో నిలబడి బియ్యం పంచాడని ఒకటి. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఒక కార్మికుడి భార్యని మిల్లు జీపులో విశాఖ కేజీహెచ్‌కి చేర్చాడని రెండోది. హెడ్మాస్టరుగారికి జవాబుగా ఈ రెండు కథలూ రాసి దణ్ణం పెట్టేద్దామనుకున్నాను. ముందుగా నాన్నకి చదివి వినిపించాను.

నాన్న పెదవి విరిచాడు. "జీపు ఎవరైనా ఇస్తార్రా. మస్తర్లు కూడినవాడెవడు?"

ఆ సంగతి నేనెప్పుడూ వినలేదు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి మరుసటి ఏడాది జీతంతో సెలవు రావాలి, ప్రతి 20 రోజుల పనికీ ఒక రోజు చొప్పున. బదిలీవాళ్లకి అది రావడం లేదు. ఎవరూ ఎగ్గొట్టినట్టు కనబడదు. మస్తరు తీసి చూస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది. కాకపోతే స్పిన్నింగుకి ఒక మస్తరు, వీవింగుకి ఒకటి, ఫినిషింగుకి ఇంకొకటి. బదిలీవాడు మేస్త్రీ తోలినచోటికల్లా వెళ్తాడు. ఒక పుస్తకంలో 70 రోజులు, ఇంకోదాంట్లో 90, మరోదాంట్లో 85. ఏ పుస్తకంలోనూ 240 ఉండదు. మూడూ కూడితే 245, అంటే 12 రోజుల జీతం. ఆ కూడిక ఎవరి పనీ కాదు కాబట్టి ఎవరూ చెయ్యలేదు.

వెల్ఫేరు బాబు చేశాడు. రెండో షిఫ్టు దిగాక టైమ్ ఆఫీసులో కూర్చుని, నాన్న పుస్తకాలు అందిస్తుంటే, టోకెను నంబరు వెంట టోకెను నంబరు పెన్సిలుతో కూడుకుంటూ పోయాడట. ఇళ్లకి వెళ్లి పరామర్శించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. జాబితా టైపు చేయించి, సెక్షను నంబరు వేసి, మేనేజరు బల్ల మీద పెట్టాడు. మేనేజరు పిలిపించి "నీకు జీతం ఇస్తున్నదెవరు?" అని అడిగాడని ఆఫీసంతా గుప్పుమంది. ఈయన ఏం చెప్పాడో నాన్నకి తెలియదు. ఆ సంక్రాంతికి బదిలీవాళ్ల చేతుల్లో సెలవు జీతాలు పడ్డాయన్నది మాత్రం తెలుసు, ఎందుకంటే ఆ వోచర్ల మీద టోకెను నంబర్లు సరిచూసింది నాన్నే.

కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు. మరుసటి ఏడాది అక్టోబరు, నవంబరు వచ్చేసరికి, రోజులు 230 దాటిన బదిలీలవైపు మేస్త్రీ వేలు లేవడం మానేసింది. కూడిక మిల్లుకీ వచ్చేసింది మరి. కొన్నాళ్లకి వెల్ఫేరు బాబు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. మస్తర్ల మీద ఆ కూడికలు చెయ్యడానికి ఆ తర్వాత పర్సనెల్ డిపార్టుమెంటులో ప్రత్యేకంగా ఒక గుమస్తాని పెట్టారట, 240 దాటకుండా చూడ్డానికి.

ఇది విన్నాక హెడ్మాస్టరుగారికి నేను రాయాలనుకున్న జవాబు చించేశాను. మాస్టారూ, మానవత్వం చాలదండీ. బియ్యం పంచడానికి అది సరిపోతుంది. సెలవు జీతం ఇప్పించాలంటే సెక్షను తెలియాలి, మూడు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడాలనే ఆలోచన రావాలి, ఆ రెండూ కూర్చుని నేర్చుకోవాల్సినవి. ఇంటర్వ్యూల్లో హెచ్‌ఆర్ ఎందుకు ఎంచుకున్నావంటే పిల్లలు ఇచ్చే జవాబు ఒకటే ఉంటుంది: "నాకు మనుషులంటే ఇష్టం సార్." సంతోషం. అన్నదానానికి వడ్డించేవాళ్లు కావాలి గానీ, ఎన్ని బస్తాలు వండించాలో తెలిసినవాడు లేకపోతే రెండో పంక్తికి అన్నం ఉండదు.

అలాగని పాఠాల్లో వచ్చే మనస్తత్వశాస్త్రం దండగనడం లేదు. మన తెలుగువారే అయిన టి.వి. రావుగారు, ఉదయ్ పారీక్ కలిసి 1970ల మధ్యలో ఎల్ అండ్ టీలో హెచ్‌ఆర్‌డీ శాఖకి రూపం ఇచ్చినప్పుడు, ఉద్యోగిని ఎదగనివ్వాలనే మాటని ఒక పద్ధతిగా మార్చారు. అది చిన్న పని కాదు. నా బాధల్లా, ఆ వాసనే మిగిలి లెక్క జారిపోయిందని.

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్లనీ అమల్లోకి తెచ్చింది. పాత చట్టాలు 29 వాటిలో కలిసిపోయాయి. వాటి మంచిచెడ్డల మీద యూనియన్లకీ యజమానులకీ నడుస్తున్న తగువు ఇంకోసారి మాట్లాడుకుందాం. హెచ్‌ఆర్ బల్ల మీద పడ్డ పని మాత్రం చూడండి. అలవెన్సులూ అవీ కలిపి మొత్తం జీతంలో సగం మించితే, మించినదాన్ని వేతనంలోనే కలిపి లెక్క కట్టాలి. దాంతో బేసిక్ తక్కువ చూపించి పీఎఫ్ తగ్గించే పాత విద్య కుదరదు. మానేసినవాడికైనా, తీసేసినవాడికైనా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఒక్క ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది. ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వాలి. 20 మందీ ఆపైన ఉంటే ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వెల్ఫేర్ ఆఫీసరు ఉండాల్సిన హద్దు 500 నుంచి 250కి దిగింది. పాశమైలారం, శ్రీసిటీ, అచ్యుతాపురం, పరవాడ పారిశ్రామికవాడల వైపు ఒకసారి చూసి, ఇవన్నీ తెలిసిన మనుషులు ఎందరు కావాలో మీరే ఊహించుకోండి. అక్కడి షెడ్లలో ఇప్పుడు పనిచేసేవాళ్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు బోలెడంతమంది. కార్మికుడి భాష రావాలన్న పాత రూలు తెలుగు పిల్లలకి ఇప్పుడు ఇంకో భాష నేర్చుకోమని చెబుతోంది.

కాబట్టి రెండో అంతస్తు అమ్మాయికి నేను చివరికి చెప్పింది హెచ్‌ఆర్ తీసుకోమనే, బాబాయిగారు చెప్పిన కారణాలకి మాత్రం కాదు. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, టిస్ అందితే సరే. అందకపోతే ఆంధ్రా యూనివర్సిటీలో హెచ్‌ఆర్‌కే విడిగా శాఖ ఉంది. ఏ కాలేజీ అయినా, కార్మిక చట్టాల పాఠం ఎవరు చెబుతారు, ప్రాజెక్టుకి ఫ్యాక్టరీకి పంపుతారా అని అడిగి చేరమన్నాను. యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టుకి విడిగా పేపరుంది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఆ స్కోరుతోనే హెచ్‌ఆర్ ఆఫీసర్లని తీసుకున్నాయి. పీఎఫ్ ఆఫీసులో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరు పోస్టులు యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు ఉంది. బల్లకి అవతలివైపు కూర్చునే ఆ ఉద్యోగాలకి కూడా ఈ చదువు పనికొస్తుంది. ఎంబీఏ చేస్తూనే వేసవిలో అమీర్‌పేట 45 రోజులూ పూర్తి చెయ్యమని కూడా అన్నాను. బాబాయిగారు నావైపు అదోలా చూశారు.

ఇక హెచ్‌ఆర్ చదవనివాళ్లకి, చదవబోనివాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలో బదిలీగానో కాంట్రాక్టు మీదో పనిచేస్తుంటే, వెళ్లిన ప్రతి రోజునీ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోమనండి. కంపెనీ దగ్గర లెక్క ఎలాగూ ఉంటుంది, మన దగ్గరా ఒకటి ఉండాలి. జీతంతో సెలవుకి ఇప్పుడు 240 రోజులు అక్కర్లేదు, కొత్త కోడ్ ప్రకారం 180 చాలు.