ఉలి రాసే అక్షరం

బిద్రీ సామాను అంటే ఒకప్పుడు హుక్కా కుండలు, పాన్‌దాన్‌లు, సురాహీలు. ఇవాళ బీదర్‌లో ఆ వరసలో సన్మాన జ్ఞాపికలు, పెన్ను స్టాండ్లు, గుమ్మానికి తగిలించే పేరు పలకలు చేరాయి. పూలతీగలతో నిండే నల్లటి లోహం మీద ఇప్పుడు మనిషి పేరో, సంస్థ పేరో కూడా రావాలి. కొనేవాళ్లు కంప్యూటర్‌లో చేతిరాతలా కనిపించే ఫాంటు ఒకటి ఎంచుకుని, ప్రింటు తీసి, అచ్చం ఇలాగే కావాలంటారు. చేత్తో చేసిన వస్తువుకు చేతిరాత ఫాంటే నప్పుతుందని వాళ్ల ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే ఏ చేతి రాత? కలం పట్టిన చెయ్యా, కుంచె పట్టిన చెయ్యా, ఉలి పట్టిన చెయ్యా? బిద్రీ మట్టుకు ఈ ప్రశ్నకు జవాబు పనిలోనే దొరుకుతుంది.

జింకులో కొద్దిగా రాగి కలిపి కరిగిస్తారు. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి అనేది ఎక్కువగా వినబడే లెక్క. ఆముదం, గుగ్గిలం కలిపి పదును చేసిన మట్టి అచ్చులో పోస్తారు. చల్లారాక ఆకురాయితో గీకి నునుపు చేస్తారు. అప్పటికి లోహం వెండిలాగే తెల్లగా ఉంటుంది, దాని మీద గీత గీస్తే కంటికి ఆనదు. అందుకని మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. పైపైన నలుపు వస్తుంది. ఆ నలుపు మీద సన్నటి మొనతో గీస్తే గీత తెల్లగా తేలుతుంది. ఆ గీతకు చేతి అలవాటే ఆధారం. తర్వాత వస్తువును లక్కలో కదలకుండా నిలిపి, గీత వెంట సన్న ఉలితో చెక్కుతారు. ఆ గాడిలో వెండి పెట్టి సుత్తితో తడితే, మెత్తటి లోహం కాబట్టి గాడి అంచుల్లోకి పాకి పట్టుకుంటుంది. మళ్లీ ఆకురాయి, మళ్లీ నునుపు. చివరి మెట్టులో బీదర్ కోట మట్టికి నవాసాగరం కలిపి ముద్ద చేసి, వెచ్చ చేసిన వస్తువుకు పట్టిస్తారు. జింకు లోహం కాటుక నలుపుకు తిరుగుతుంది, వెండి చెక్కుచెదరదు. నూనె పూసి తుడిస్తే పని పూర్తి.

పొదగడంలో రెండు ప్రధాన పద్ధతులున్నాయి. సన్నటి తీగ పొదిగితే తార్‌కశీ, రేకు కత్తిరించి లోతుగా పొదిగితే తహ్‌నిషాన్. ఫాంటు ఎంచేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఈ తేడానే. తీగకు మొదలూ చివరా ఒకటే మందం. కాబట్టి తార్‌కశీకి బాల్‌పెన్నుతో రాసినట్టు ఒకే బరువుతో సాగే రాత కావాలి. కుంచెతో రాసిన అక్షరంలో గీత ఒకచోట లావెక్కి, ఒకచోట వెంట్రుకంత సన్నబడుతుంది. అది రేకు పని. చిత్రకారుడు బాపు అక్షరాన్ని తీగతో చేయించారనుకోండి, కుంచె ఒత్తిడంతా పోయి బాపు పోలికే లేని వంకర గీత మిగులుతుంది. తప్పు పనివాడిది కాదు, ఫాంటు ఎంచినవాళ్లది.

ఒత్తుల దగ్గర ఇంకో చిక్కు. లక్ష్మి అనే పేరు తీసుకోండి. క్షకారం కింద మ ఒత్తు, పైన గుడి. కాగితం మీద ఎంత చిన్న సైజులోనైనా ఫాంటు వాటిని ఇరికించేస్తుంది. లోహంలో అది కుదరదు. రెండు గాడుల మధ్య గోడ మరీ పలచనైతే ఉలి దెబ్బకు లేచిపోతుంది, పక్కపక్క తీగలు కలిసి అక్షరం కడుపు పూడిపోతుంది. ఒత్తును కాస్త పక్కకు జరపాలి, మామూలుకంటే పెద్దది చెయ్యాలి, కింద చోటు వదలాలి. ఇవి చెయ్యి తీసుకోవలసిన నిర్ణయాలు.

నిజానికి చెక్కడం మన లిపికి పుట్టుకతో వచ్చిన అలవాటు. తాటాకు మీద గంటం చేసింది కూడా గాడి తీయడమే. రాస్తున్నప్పుడు గీత సరిగా కనబడదు. తర్వాత మసి రుద్దితే గాడుల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. బిద్రీలో రంగులు తారుమారు: గాడి తెలుపు, నేల నలుపు. ఆకు చీలకుండా ఉండాలనే మన అక్షరాలు గుండ్రబడ్డాయని చాలామంది చెబుతారు. ఆ గుండ్రదనం వెండి తీగకూ హాయి. తీగ వంపు తిరిగినంత సుఖంగా మూల తిరగదు. అందుకే తెలుగు, కన్నడ అక్షరాలు బిద్రీకి చక్కగా ఒదుగుతాయని నా నమ్మకం.

ఏ వస్తువుకు తగ్గ రాత దానికి ఉండాలన్న తెలివి బీదర్‌లో గోడగోడకూ కనిపిస్తుంది. అష్టూరు దారిలో హజ్రత్ ఖలీలుల్లా సమాధి అయిన చౌఖండి ఉంది. నల్లరాతి మీద సులుస్ శైలిలో ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు ఒకదాని మీంచి ఒకటి అల్లుకుపోతాయి. 1947లో బీదర్ కట్టడాల మీద పెద్ద గ్రంథం వెలువరించిన గులాం యజ్దానీ ఈ రాతను ఎంతో మెచ్చుకున్నారు. 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాకు వస్తే అక్షరం రంగు పలకల్లోకి మారుతుంది. ఎత్తున ఉన్నా కింద నిలబడినవాళ్లకు ఆనేంత పెద్దది. కోటలోని రంగీన్ మహల్‌లో బరీద్‌షాహీల కాలపు పనివాళ్లు నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగారు, ద్వారం చుట్టూ పారశీక పద్యాలు కూర్చారు. నల్లటి నేల, తెల్లటి గీత. బిద్రీ చూసిన కళ్లకు ఆ జోడీ వెంటనే అందుతుంది.

చేతిరాతను యంత్రంలోకి దింపాలన్న ఆశ కూడా పాతదే. గుటెన్‌బర్గ్ తన బైబిలుకు దాదాపు 290 రకాల అచ్చులు పోయించాడు. లేఖకుడి రాతలా కనబడాలని ఒకే అక్షరానికి వేర్వేరు రూపాలు పెట్టుకున్నాడు. ఉర్దూ నస్తాలీఖ్ అంతకంటే మొండిది. ఏటవాలుగా కుడి నుంచి ఎడమకు దిగే ఆ రాతను లొంగదీయడానికి మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల అక్షర సముదాయాలను చేత్తో రాశారు. 1981లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ ఆ శ్రమ ఫలితం. తెలుగులో బాపు రాత ఫాంటై శుభలేఖల నుంచి సినిమా పోస్టర్ల దాకా పాకింది. సిలికానాంధ్ర చొరవతో కవుల పేర్లూ భాషా సేవకుల పేర్లూ పెట్టుకున్న యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా అందాయి. వీటి మేలు తక్కువది కాదు.

అయినా ఫాంటు తనను తాను పట్టించే చోటు ఒకటుంది. రామారావు అని కొట్టి చూడండి. రెండు ‘రా’లూ అచ్చు గుద్దినట్టు ఒకటే. చేత్తో రాసేవాడు రెండో ‘రా’ దగ్గరికి వచ్చేసరికి ముందున్న ‘మా’ను చూసి దీర్ఘం పొట్టి చేస్తాడు, లేదా చివరి ‘వు’ కొమ్ముకు దారి ఇస్తాడు. ఓపెన్‌టైప్‌లో ఒకే అక్షరానికి మారురూపాలు పెట్టే వీలుంది గాని, రూపకర్త ఆ శ్రమ పడితేనే అది పనికొస్తుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. గుణింతాలు, ఒత్తులు కలిపి ఒక తెలుగు ఫాంటుకు వందల రూపాలు గీయాలి. ఒక బ్రాండు పేరుకు నాలుగైదు అక్షరాలు చాలు. ఆ కాసిని అక్షరాలకు ఫాంటు ఎందుకు? పెట్టె మీద, చీటీ మీద వేసే పేరును ఆ వస్తువు చేసిన మనిషి చేతే, గీసే మొనతోనే రాయించండి. పెద్దగా రాయించి, స్కాన్ తీసి, అంచులు మరీ చదును చేయకుండా వాడుకోండి. ధర, కొలతలు, నూనె గుడ్డతో తుడవమనే సూచన లాంటివి సాదా ఫాంటులో ఉండాలి. అంత చిన్న సైజులో చేతిరాత ఫాంటు చదివేవాళ్లను బాధపెడుతుంది. ఇక యంత్రంలో పోతపోసి రంగు పూసిన నకిలీకి చేతిరాత ఫాంటు తగిలించడం కొనేవాళ్లను మోసగించడమే.

దీనికి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పాత బిద్రీ వస్తువుల మీద చేసినవాడి పేరు ఉండడం బహు అరుదు. మ్యూజియం చీటీల మీద ఊరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, మనిషి ఉండడు. 2006లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఊరి పేరునే కాపాడుతుంది. 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చినప్పుడు బిద్రీ వెనకున్న ఒక మనిషి పేరు దేశం విన్నది. మిగిలినవాళ్ల పేర్లు వస్తువు అడుగునైనా ఉండాలి, వాళ్ల రాతలోనే ఉండాలి.

ఆ రాత ఏ లిపిలో అంటే, బీదర్‌లో ఒక్క లిపితో సరిపోదు. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పట్లో దీని తాలూకాలే. ఇప్పటికీ కన్నడ, ఉర్దూ, మరాఠీ, తెలుగు ఇక్కడ కలిసే వినబడతాయి. చీటీ మీద కన్నడ, ఉర్దూ, తెలుగు వేసేటప్పుడు మూడింటినీ ఒకే ఎత్తుకు సాగదీయకూడదు. నస్తాలీఖ్‌కు వాలడానికి పైన చోటు, మన లిపులకు ఒత్తులు వేలాడడానికి కింద చోటు ఇవ్వాలి.

తెలుగులో జ్ఞాపిక చేయించుకునేవాళ్లకు ఒక మాట. చెక్కే మనిషికి తెలుగు చదవడం రాకపోవచ్చు. ఫాంటు ప్రింటు ఇస్తే ఆయన దాన్ని బొమ్మలా దించుతాడు, తలకట్టు ఎక్కడ తెగినా పట్టుకోలేడు. పేరును అసలు సైజులో పెన్సిలుతో రాసి ఇవ్వండి, తీగ పనో రేకు పనో ముందే తేల్చుకోండి. వీలైతే మైలుతుత్తం పూసి గీత గీసిన రోజున వెళ్లి దీర్ఘాలు, ఒత్తులు ఒకసారి చూసుకోండి. అప్పటికైతే తప్పు గీతను రుద్ది మళ్లీ గీయొచ్చు. ఉలి దిగాక దిద్దడం కష్టం.